మొర్రీన్య అంటే 'చిట్టి చావు' అట. నిజమేనా?

పదాలపుట్ట:
అందరికీ నమస్కారం. 'అనువాదానికి లొంగని మాటలు' అంటూ తిరిగే జాబితాల్లో ఈమధ్య గలీసియన్ మాట ఒకటి తరచుగా కనబడుతోంది: మొర్రీన్య. సొంతూరి మీద బెంగ అని అర్థం రాస్తున్నారు. అంతవరకూ పేచీ లేదు. దాని కిందే వ్యుత్పత్తి కూడా తగిలిస్తున్నారు. 'మొర్రెర్' అంటే చచ్చిపోవడం, 'ఈన్య' అంటే చిన్నది, రెండూ కలిపితే చిట్టి చావట! ఇంత ముచ్చటగా అతికే వ్యుత్పత్తి కనబడితే నాకు ముందు అనుమానమే వస్తుంది. రోమాన్స్ భాషలు (లాటిన్ నుంచి పుట్టినవి) తెలిసినవాళ్ళు, అటువైపు ఉంటున్నవాళ్ళు కాస్త తేల్చండి.

గలీసియా ఎక్కడని అడిగేవాళ్ళకి: స్పెయిన్ వాయవ్య మూల, పోర్చుగల్‌కి సరిగ్గా నెత్తిమీద. కొరున్య, లుగో, ఒరెన్సె, పొంతెవేద్ర అని నాలుగు ప్రావిన్సులు. స్పానిష్‌తో పాటు గలీసియన్ కూడా అక్కడ అధికార భాష.

మల్లెచెండు:
చిట్టి చావు! అబ్బ, ఎంత బాగుందండీ. హాస్టల్లో దిగబెట్టి నాన్న బస్సెక్కిన రోజు సరిగ్గా అలాగే ఉండింది. దయచేసి దీన్ని తప్పని నిరూపించకండి.

శకటరేఫం:
నిరూపించకుండా ఉండలేం కదా, అందుకేగా ఈ వేదిక. దానికంటే ముందు ఒక మాట. 'మొర్రో మొర్రో అని ఏడవడం' మనకుంది కాబట్టి తెలుగు మాటే ఓడెక్కి స్పెయిన్ వెళ్ళిందని ఎవరో ఒకరు రాసేలోపే చెప్తున్నాను: లేదు. మన మొఱ, మొఱ్ఱో వేరు, అది వేరు. శబ్దం కలిసింది, అంతే.

చుట్టరికం కావాలంటే సంస్కృతం వైపు వెతుక్కోండి. లాటిన్‌లో 'మోరి' అంటే చచ్చిపోవడం. సంస్కృతంలో 'మృ' ధాతువు. రెండిటికీ మూలం ఒకటే, అందులో ఎవరికీ తగాదా లేదు. మరణం, మృత్యువు, అమృతం అని మనం రోజూ వాడేవన్నీ ఆ కుదురువే. కాబట్టి మొర్రీన్యలో 'చావు' ఉన్నమాట నిజం. గొడవంతా ఆ 'చిట్టి' దగ్గరే.

వీగో_వాసు:
పిలిచినట్టే ఉంది, వచ్చేశాను. గలీసియాలోని వీగోలో ఉంటున్నాను, ఇక్కడ ఈ మాట వినని వారం ఉండదు. మా ఇంటావిడ (ఇల్లుగలావిడ అని అర్థం, నా భార్య కాదు) లుగో దగ్గర పల్లెటూర్లో పుట్టింది. పండక్కి ఊరు వెళ్ళొచ్చిన మర్నాడు 'తెన్యొ మొర్రీన్య' అని కూర్చుంటుంది. 'మొర్రీన్య పట్టుకుంది' అన్నమాట.

ఇక విషయం. 'ఈన్య' చిన్నతనాన్ని చెప్పే ప్రత్యయమే, కాదనను. కాసా అంటే ఇల్లు, కసీన్య అంటే చిన్నిల్లు. గలీసియన్లకి ఈ ప్రత్యయం మీద మహా మోజు. పేర్లకి తగిలిస్తారు, కాఫీకి తగిలిస్తారు, చివరికి వీడ్కోలు మాటకి కూడా. కానీ అది తగులుకునేది నామవాచకాలకీ విశేషణాలకీ. 'మొర్రెర్' క్రియ. చావు అనే నామవాచకం 'మొర్తె'. ఎవరైనా నిజంగా చిట్టి చావు అనాలనుకుంటే 'మొర్తీన్య' అయ్యేది, మొర్రీన్య అయ్యేది కాదు. నా లెక్కలో ఈ ఒక్క త కారంతో కేసు కొట్టేయచ్చు.

రెండోది. 'ఈన్య'తో ముగిసిన ప్రతి మాటా చిన్నదేమీ కాదు. గలీన్య అంటే కోడి, చిన్న కోడి కాదు. రయీన్య అంటే రాణి. ఫరీన్య పిండి, కొసీన్య వంటగది. ఇవన్నీ లాటిన్‌లో 'ఈనా' తో ఉన్న మాటలు: గల్లీనా, రెగీనా, ఫరీనా. గలీసియన్‌లో ఒక తమాషా ఉంది. రెండు అచ్చుల మధ్య ఉన్న న కారాన్ని ఈ భాష మింగేస్తుంది. లూనా (చంద్రుడు) ఇక్కడ లూఅ. కాతేనా (గొలుసు) కదేఅ. కానీ దానికి ముందు దీర్ఘ ఈ కారం ఉంటే మాత్రం న పూర్తిగా పోకుండా న్య అయి నిలబడింది. వీనుమ్ (ద్రాక్షసారా) వీన్యొ అయినట్టు. అంటే మొర్రీన్యలోని ఈన్య కూడా పాత 'ఈనా' నుంచే రావచ్చు, క్రియ మీద నామవాచకం కట్టే ప్రత్యయంగా. ఫ్రెంచిలో ఆకలి అనే 'ఫ్యాఁ' నుంచి కరువు అనే 'ఫమీన్' వచ్చింది చూడండి, అలాంటి కట్టుబడి.

పదాలపుట్ట:
వాసుగారూ, ఆ రెండు ర కారాల సంగతేమిటి? లాటిన్ మోరి, స్పానిష్ మోరీర్, రెండిట్లోనూ ఒక్క ర. గలీసియన్‌కీ పోర్చుగీసుకీ మాత్రం మొర్రెర్ అని ఒత్తు ఎందుకొచ్చింది?

వీగో_వాసు:
మంచి ప్రశ్న. ఎక్కువమంది పండితులు ఒప్పుకునే జవాబు భవిష్యత్కాలంలో ఉంది. రోమాన్స్ భాషల్లో భవిష్యత్తు ఎలా పుట్టిందంటే, క్రియ మామూలు రూపానికి 'కలిగి ఉండు' అనే సహాయక క్రియ అతుక్కుంది. మొరిర్ + ఎయ్ = 'మొరిరెయ్', చచ్చిపోతాను. ఇది గబగబా అంటూంటే మధ్యలోని బలహీనమైన ఇ రాలిపోయింది. ర పక్కన ర పడింది. 'మొర్రెయ్'. ఆ ఒత్తు అక్కడితో ఆగక మిగతా రూపాలన్నిటికీ పాకి మొత్తం క్రియే మొర్రెర్ అయిపోయింది.

ఇందులో ఇంకో లాభం ఉంది. స్పానిష్‌లో కూడా ఇవాళ మొర్రీన్య అనే మాట ఒత్తుతోనే ఉంది. అది స్పానిష్ సొంత సరుకైతే ఒక్క ర ఉండాలి. ఒత్తు ఉందంటే పడమటి నుంచి అరువు తెచ్చుకున్నదని అర్థం. స్పానిష్ అకాడమీ నిఘంటువు కూడా గలీసియన్-పోర్చుగీసు వైపే చూపిస్తుంది.

శకటరేఫం:
ఆ ఒత్తుని తెలుగులో ఱ్ఱ అని రాస్తే ఉచ్చారణకి ఇంకా దగ్గరగా ఉంటుందని సవినయంగా మనవి.

మల్లెచెండు:
మీ పేరు చూస్తేనే తెలుస్తోంది ఆ మనవి వస్తుందని. సరే, చిట్టి చావు పోయింది. మరి 'చచ్చు' నుంచి 'ఇంటి బెంగ' ఎలా వచ్చింది? మధ్యలో ఏదో మెట్టు ఉండాలి కదా?

వీగో_వాసు:
ఉంది. మీకు నచ్చకపోవచ్చు. పశువుల రోగం.

మొర్రీన్యకి ఇంకో అర్థం పశువుల్ని పట్టే తెగులు. స్పానిష్ నిఘంటువు దీన్ని 'కొమాలియా' అనే రోగం దగ్గరికి పంపిస్తుంది. ముఖ్యంగా గొర్రెలకి వచ్చేది, ఒళ్ళంతా నీరు పట్టే జబ్బు. సరిహద్దు నదికి అవతల పోర్చుగీసులో మొర్రీన్య అంటే ఇప్పటికీ పశువుల గజ్జి, తెగులు. సన్న జల్లుని కూడా అదే మాటతో అంటారు. బ్రెజిల్ వాళ్ళు ఒంటి కంపుకి కూడా వాడతారు. చుట్టూ ఇన్ని అర్థాలు పెట్టుకుని, ఇంటి బెంగ ఒక్కటే దేవలోకం నుంచి దిగిందనుకోవడం కష్టం.

పాత ఫ్రెంచిలో ఇదే కట్టుబడి: చచ్చు అనే క్రియ నుంచి 'మొరీన్', పశువుల మహమ్మారి. అది ఇంగ్లీషులోకి వెళ్ళి 'మరిన్' అయింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో నిర్గమకాండం తొమ్మిదో అధ్యాయం తీయండి. ఐగుప్తు పశువుల మీదికి దేవుడు పంపింది ఆ మరిన్‌నే.

గోపాలపురం_డాక్టరు:
తెలుగు బైబిల్లో అక్కడ 'తెగులు' అని ఉంటుంది నాయనా. సర్వీసంతా పశువుల ఆస్పత్రుల్లో గడిపిన వాణ్ణి, ఇప్పుడు చర్చలోకి రాక తప్పదు.

గొర్రెకి ఒళ్ళు నీరు పట్టడం అన్నారు కదా. మా దగ్గర అది ఎక్కువగా కార్జపు జలగ వల్ల చూసేవాళ్ళం. చిత్తడి నేల, నీటి నత్తలు ఉన్నచోట మేసిన జీవాలకి పట్టేది. జలగ కార్జంలో చేరి రక్తం హరిస్తుంది, కనురెప్ప తిప్పి చూస్తే లోపల ఎరుపు ఉండదు, తెల్లగా పాలిపోయి ఉంటుంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. సాయంత్రానికి కాస్త ఎక్కువ, పొద్దున కాస్త తక్కువ. వాసుగారి ఊళ్ళో వాన ఎక్కువని విన్నాను. పచ్చిక, వాన, గొర్రె మూడూ ఉంటే జలగ కూడా ఉంటుంది. ఆ పాత మొర్రీన్య అచ్చంగా ఇదేనని నేననను, ఒళ్ళు నీరు పట్టడానికి వేరే కారణాలూ ఉంటాయి. కానీ కాపరి కంటికి కనబడేది ఒకటే.

ఏం కనబడుతుందంటే, ఆ గొర్రె మంద వెనకబడిపోతుంది. చెవులు వాల్చేస్తుంది. నిలబడ్డచోటే నిలబడి ఉంటుంది, అదిలించినా కదలదు. మేత ముందు వేసినా మూతి పెట్టదు, నెమరు వెయ్యదు. జ్వరం లేదు, దెబ్బ లేదు, అరుపు లేదు. 'ఏమైందో తెలీదండీ, దిగులుపడినట్టు ఉంది' అంటారు తెచ్చినవాళ్ళు. గొర్రెలకాపరి తన ఊరు వదిలి పోయి, పొరుగూర్లో అన్నం సహించక మూల కూర్చున్న మనిషిని చూసి, వీడికీ మొర్రీన్య పట్టింది అన్నాడంటే నాకేమీ వింతగా లేదు.

శకటరేఫం:
డాక్టరుగారు తెగులు ఎత్తారు కాబట్టి రెండు ముక్కలు. తెలుగులో 'తెగు'కి తెంపబడు అనే కాక చచ్చు అనే అర్థం కూడా ఉంది. తెగులు అందులోంచే. అంటే చచ్చు అనే క్రియ, దాని మీద ప్రత్యయం, పశువుల రోగం. గలీసియన్ దారీ ఇదే, ఎవరి దగ్గరా ఎవరూ నేర్చుకోకుండా.

పదాలపుట్ట:
ఇంకొంచెం దూరం కూడా వెళ్ళింది. మొహం మాడ్చుకుని కూర్చున్నవాణ్ణి 'నీకేం తెగులు?' అంటాం. రోగం పశువుదీ పైరుదీ, తిట్టు మనిషికి. వాళ్ళు జాలిపడ్డారు, మనం తిట్టాం, అదీ తేడా :)

వీగో_వాసు:
భలే. ఇలా పశువుల దొడ్లోంచి మనసులోకి వచ్చిన మాట మొర్రీన్య ఒక్కటే అయితే నేనూ సందేహించేవాణ్ణి. స్పానిష్‌లో ఇంకా ఉన్నాయి. 'ముఎర్మొ': లాటిన్ 'మోర్బుస్' (రోగం) నుంచి వచ్చింది. గుర్రాలకి వచ్చే గ్లాండర్స్ జబ్బు. ఇవాళ మాడ్రిడ్‌లో కుర్రాళ్ళు 'కే ముఎర్మొ!' అంటే 'ఎంత బోరు!' అని. ఇంకోటి 'మొదొర్రా': గొర్రెల మెదడులో పురుగు తిత్తి చేరి, మత్తుగా తిరుగుతూ పడిపోయే రోగం. అదే మాట భోజనం తర్వాత పట్టే కునుకుమత్తుకి. గుర్రం రోగం విసుగైంది, గొర్రె రోగం మత్తైంది. ఇంకో గొర్రె రోగం బెంగ అయితే తప్పేముంది?

గోపాలపురం_డాక్టరు:
గొర్రె మెదడు తిత్తిని మేం గిడ్ అనేవాళ్ళం. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్లు మేతతో పాటు లోపలికి పోయి వస్తుంది. ఒకే వైపుకి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది పాపం. దాన్ని చూసినవాడు 'మత్తు' అనకుండా ఉండలేడు.

కెల్టువీరుడు:
మీరంతా అసలు విషయం వదిలేశారు. గలీసియన్లు కెల్టు జాతివాళ్ళు. బ్యాగ్‌పైపు వాయిస్తారు, వాన దేశం, ఐర్లండ్ లాంటి దిగులు. ఈ మాట కచ్చితంగా కెల్టిక్. లాటిన్ పండితులు కావాలని దాచారు.

వీగో_వాసు:
దాచడానికేం లేదండీ. 'గలీసియా' అనే పేరే రోమన్లకి పూర్వం ఇక్కడున్న గల్లఎకి అనే తెగ నుంచి వచ్చింది. కెల్టిక్ నుంచి లాటిన్‌లోకి, అక్కణ్ణించి గలీసియన్‌లోకి వచ్చిన మాటలూ ఉన్నాయి: దారి అనే 'కమీన్యొ', బీరు అనే 'సెర్వేష'. వాటిని ఎవరూ కాదనరు. ఆ తర్వాత స్యుఎవీ అనే జర్మన్ తెగవాళ్ళు వచ్చి 585 దాకా రాజ్యం చేశారు. కానీ మొర్రీన్యకి ధాతువు, ప్రత్యయం, ఒత్తు మూడూ లాటిన్ లెక్కలో సరిగ్గా కుదురుతున్నాయి. అన్నీ కుదిరినచోట బ్యాగ్‌పైపుని సాక్ష్యానికి పిలవక్కర్లేదు.

నిర్వాహకులు:
కెల్టు జాతుల మీద, ఐర్లండ్ చుట్టరికాల మీద వేరే చర్చ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ మొర్రీన్య మాత్రమే.

జగిత్యాల_నుంచి_దోహా:
శానసేపటి సంది సదువుతున్న. మా దిక్కు బెంగ అనుడు తక్వ, 'రంది' అంటం. రంది వెట్టుకున్నడు, రందితోని బువ్వ తింటలేడు. అగో, డాక్టర్ సారు గొర్రె గురించి చెప్పింది గట్లనే ఉన్నది. మా ఊర్ల ఇంటికొకడు గల్ఫ్‌ల ఉంటడు. ఆ గలీసియోళ్ళు ఎటు వోయిండ్రు? గంత రంది ఎందుకు వచ్చింది వాళ్ళకు?

వీగో_వాసు:
అన్నా, ఈ చర్చలో అడగాల్సిన ప్రశ్న అదే. పంతొమ్మిదో శతాబ్దం నుంచి వీళ్ళు లక్షల్లో ఓడెక్కారు. క్యూబా, అర్జెంటీనా, ఉరుగ్వే. భూమి ముక్కలు ముక్కలై చారెడు మిగిలింది, దాని మీద శిస్తులు. వీగో, కొరున్య రేవుల నుంచి ఓడలు వెళ్ళేవి. బోనస్ ఐరెస్‌ని గలీసియాకి 'ఐదో ప్రావిన్సు' అనేవాళ్ళు. అర్జెంటీనాలో ఇప్పటికీ స్పెయిన్ వాడెవడైనా సరే 'గజేగొ'నే, అంటే గలీసియావాడే. గలీసియా గీతాన్ని మొట్టమొదట పాడింది కూడా గలీసియాలో కాదు, హవానాలో, 1907 డిసెంబరు 20న. గలీసియన్ అకాడమీ 1906లో నిలబడిందంటే హవానాలోని వలసకూలీల చందాలు కూడా ఒక కారణం.

రొసలీయా ద కాస్త్రొ అని వీళ్ళ పెద్ద కవయిత్రి. 1880లో వచ్చిన ఆమె కవితా సంపుటిలో ఒక భాగం పేరే 'బతికున్నవాళ్ళ విధవలు, చచ్చినవాళ్ళ విధవలు'. మొదటివాళ్ళు ఎవరో నీకు చెప్పక్కర్లేదు.

జగిత్యాల_నుంచి_దోహా:
చెప్పనక్కర లేదు. మా గల్లీలనే నలుగురున్నరు.

మల్లెచెండు:
అంటే రోగం పేరు ఇంటి బెంగగా స్థిరపడ్డానికి ఈ వలసలే కారణమా?

వీగో_వాసు:
అర్థం అప్పుడే పుట్టిందనలేను. ఊరు దాటి ప్రపంచానికి తెలిసింది మాత్రం అప్పుడే అని నా నమ్మకం. గలీసియన్ కూలీలు, పనిమనుషులు మాడ్రిడ్‌లోనూ ఎక్కువే. కొరున్యలో పుట్టిన ఎమీలియా పార్దొ బసాన్ 1889లో మాడ్రిడ్‌లో పనిచేసే ఒక గలీసియన్ పిల్ల మీద స్పానిష్‌లో నవల రాసి దానికి 'మొర్రీన్య' అనే పేరు పెట్టింది. అంటే అప్పటికే స్పానిష్ పాఠకుడికి ఈ మాట కొత్త కాదన్నమాట.

శకటరేఫం:
రోగం నుంచి బెంగ అన్నందుకు ముక్కు విరిచేవాళ్ళకి ఒకటి గుర్తుచేస్తాను. అందరూ కవిత్వంలా వాడుకునే 'నాస్టాల్జియా' కూడా వైద్యుడి చీటీయే. 1688లో యొహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో తన పరిశోధన వ్యాసం కోసం రెండు గ్రీకు ముక్కలు అతికించి తయారుచేశాడు: ఇంటికి తిరిగి రావడం, నొప్పి. బెర్న్ నుంచి చదువుకోడానికొచ్చి మంచం పట్టిన కుర్రాడొకడు, ఇంటికి బయల్దేరదీస్తే దారిలోనే తేరుకున్నాడని రాశాడు. తేడా ఏమిటంటే, ఆ మాట డాక్టరు చేసింది, ఈ మాట కాపరి చేసింది.

పదాలపుట్ట:
పోర్చుగీసువాళ్ళ సౌదాదె సంగతేమిటి? అదీ ఇదీ ఒకటేనని ఆ జాబితాల్లో రాస్తున్నారు.

వీగో_వాసు:
పుట్టుకలో సంబంధం లేదు. సౌదాదె లాటిన్ 'సోలితాతెమ్' నుంచి, ఒంటరితనం. గలీసియన్‌లో 'సొయ్దాదె' అనే పాత రూపం కూడా ఉంది. అందులో మధ్యలోని ల కారం రాలిపోవడం స్పష్టంగా కనబడుతుంది. వాడుకలో కూడా తేడా ఉంది. సౌదాదె మనిషి మీద పడచ్చు, పోయిన కాలం మీద పడచ్చు, అసలెప్పుడూ లేనిదాని మీద కూడా పడచ్చు. మొర్రీన్య ప్రధానంగా ఊరి మీద, నేల మీద. మా ఇంటావిడకి పోయిన మొగుడి మీద సౌదాదె, వాళ్ళ పెరట్లో ధాన్యం దాచే రాతి గాదె మీద మొర్రీన్య. ఆ గాదెల్ని ఇక్కడ 'ఓర్రెఒ' అంటారు. నాలుగు రాతికాళ్ళ మీద నేల తగలకుండా ఉంటుంది, ఎలకలు ఎక్కకుండా కాళ్ళ పైన బల్లపరుపు రాళ్ళు పెడతారు. దాని మాట ఎక్కడ పుట్టిందో ఇంకోసారి.

మల్లెచెండు:
ఆవిడకి ఈ గొర్రె సంగతి తెలుసా?

వీగో_వాసు:
నిన్న అడిగాను. 'గొర్రెకి పట్టినా అదేగా, దాన్ని కొండ మీంచి కిందికి తోలుకొస్తే అదీ తినదు' అంది. ఆవిడకి ఇందులో రెండు అర్థాలున్నట్టే అనిపించలేదు.

గోపాలపురం_డాక్టరు:
ఆవిడ మాట నిజమే, సంతలో కొన్న జీవం కొత్త దొడ్లో మూడు నాలుగు రోజులు మేత ముట్టదు. మన రైతులు కూడా 'బెంగెట్టుకుంది' అనే అంటారు. నాదొక్కటే సందేహం. ఇవాళ్టి నిఘంటువుల్లో ఆ గొర్రె రోగం ఇంకా ఉంచారా, తీసేశారా?

వీగో_వాసు:
ఉంచారండీ. స్పానిష్ అకాడమీ నిఘంటువులో మొదటి అర్థం బెంగ, రెండోది గొర్రెలది.

గోపాలపురం_డాక్టరు:
అయితే మా శాఖకి ఇంకా వాటా ఉందన్నమాట. సంతోషం.